ఏరు దాటిన తరువాత

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టిన కాలంలో గోదావరి మీద పడవను నడిపినవి గెడ, తెడ్డు, తెరచాప. అవతలి గట్టు చేరిన తరువాత గెడను పడవలోనే పడేసినా, చూరుకు చెక్కినా, మరునాడు పొద్దున్న అది మళ్ళీ గెడే. అలిగేది కాదు, నీరసించేది కాదు. ఇప్పుడు మా వైపు ఒకటీ అరా చిన్న పడవల మీద కొత్త మల్లయ్య వచ్చి కూర్చున్నాడు. ఆయన పేరు బ్యాటరీ. ఈయన స్వభావం వేరు. ఏరు దాటిస్తున్నంతసేపూ మనం ఏమి చేశామన్నది ఆయనకు అంత ముఖ్యం కాదు. ఏరు దాటిన తరువాత ఏమి చేశామన్నదానిని బట్టి మరునాడు దాటించేదీ, మానేదీ నిర్ణయిస్తాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బ్యాటరీల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. మాది రావులపాలెం. కోనసీమకు ముఖద్వారమని అంటారు. ఒక పక్క జొన్నాడ వైపు గౌతమి, మరొక పక్క సిద్ధాంతం వైపు వసిష్ఠ. రెండింటి మీదా వంతెనలున్నాయి గనుక బస్సులో పోయేవారికి ఈ నదులు కిటికీలోంచి చూసే సొగసులు మాత్రమే. కాని లంకలో తోట ఉన్నవాడికి వంతెన ఏం చేస్తుంది? వాడికి పాయ దాటడమే ప్రయాణం. మా అక్కయ్యగారి ఇంటాయనకు లంకలో కొద్దిపాటి అరటితోట ఉన్నది. గెలలు ఇవతలికి చేరి, రావులపాలెం మార్కెట్టుకు వస్తేనే డబ్బు. నాలుగైదేళ్ళ క్రితం దాకా ఆయన పడవకు గెడే ఆధారం. భుజం నొప్పి మొదలైన తరువాత మోటారు మాట వచ్చింది. మోటారుతో బ్యాటరీ వచ్చింది. బ్యాటరీతో ఆయనా, ఆయన వెంట నేనూ చదువుకోవలసి వచ్చింది.

ఇది ఏ మోటారు?

డీజిలు ఇంజను బరువు, చప్పుడు, ఖర్చు చిన్న పడవకు మించినవి. బావగారు కొన్నది పడవ వెనక పలకకు మరబిగించి తగిలించే చిన్న విద్యుత్ మోటారు. కింద నీళ్ళలో మూడు రెక్కల పంకా, పైన చేతిపిడి. పిడి తిప్పితే వేగం మారుతుంది, పక్కకు తోస్తే దిక్కు మారుతుంది. చుక్కానీ, తెడ్డూ రెండూ అదే.

ఇది అసలు సరస్సుల్లో మెల్లగా పోతూ గాలం వేసేవారి కోసం పుట్టిన సరుకు. 1934లో అమెరికాలో, ఉత్తర డకోటా రాష్ట్రపు ఫార్గో పట్టణంలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఇలాంటి మోటారు తయారు చేసి, మిన్నెసోటా, డకోటా పేర్లు రెండూ కలిపి 'మిన్ కోటా' అని పేరు పెట్టాడు. ఆ మాటకు వస్తే విద్యుత్తుతో పడవ నడపడం అంతకంటె పాత ముచ్చట. 1838లోనే జాకోబీ అనే శాస్త్రజ్ఞుడు రష్యాలో నేవా నది మీద బ్యాటరీలతో పడవ నడిపి చూపాడు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన మళ్ళీ మళ్ళీ నింపుకోగల సీసపు బ్యాటరీని కనిపెట్టాడు. 1881లో ట్రూవే అనే మరో ఫ్రెంచివాడు పారిసులో సేన్ నది మీద, పడవ వెనక తగిలించి తీసేయగల మోటారుతో విహరించాడు. మన దేశంలో 2017 జనవరిలో కేరళలోని వైకం దగ్గర 'ఆదిత్య' అనే 75 మంది ఎక్కే సౌరశక్తి పడవ ప్రయాణికులను దాటించడం ప్రారంభించింది. కాబట్టి ఇది ఆటవస్తువు కాదు. అయితే పడవ చిన్నదైనా పెద్దదైనా దాని ప్రాణం బ్యాటరీలోనే ఉంటుంది. మోటారుకు పెట్టిన డబ్బు ఒకసారి పెడతాం. బ్యాటరీకి, తెలివిగా ఉండకపోతే, ఏడాదికోసారి పెడతాం.

లారీ బ్యాటరీ ఎందుకు పనికిరాదు?

బావగారు మొదట ఒక దుకాణంలో బాగుచేసిన పాత లారీ బ్యాటరీ చవకగా వస్తున్నదని తెచ్చుకున్నారు.

"అంత లారీని కదిపే బ్యాటరీ ఇంత పడవను కదపలేదుటోయ్?" అన్నారు నాతో.

"లారీని కదిపేది డీజిలు బావగారూ! బ్యాటరీ ఇంజనును లేపుతుంది, అంతే" అన్నాను.

"లేపేవాడు నడపలేడా?" అన్నారాయన.

ఆ బ్యాటరీ పట్టుమని నాలుగు నెలలు పనిచేసింది. ఒక సాయంత్రం, పొద్దు వాలే వేళకు, పాయ మధ్యలో పంకా తిరగడం మెల్లగా తగ్గి ఆగిపోయింది. పడవలో ఎనిమిది గెలలు, ఒక కూలీ, మా మేనల్లుడు. వాలుకు పడవ పక్కకు తిరిగి కొట్టుకుపోసాగింది. పడవలో గెడ ఉండబట్టి సరిపోయింది. రేవుకు చాలా దిగువన, ఎవరిదో పొలం గట్టుకు చేరి, చీకట్లో గెలలు మోసుకొని ఇంటికి వచ్చారు. ఆ రాత్రి అక్కయ్య అన్నం వడ్డించింది గాని మాట్లాడలేదు.

లేపేవాడు నడపలేడా అన్న ప్రశ్నకు జవాబు ఇది. కారు, లారీ బ్యాటరీల లోపల సీసపు పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి. ఒక్క ఉదుటున వందల ఆంపియర్లు రెండు మూడు సెకన్లపాటు ఇచ్చి, ఇంజను అందుకోగానే పక్కకు తప్పుకోవడం వాటి పని. అందులో ఖర్చయ్యేది వాటి నిల్వలో నూటికి రెండు మూడు పాళ్ళు కూడా ఉండదు. ఆ నష్టాన్ని బండి నడుస్తూనే పూరిస్తుంది. అలాంటి దాన్ని రోజూ సగానికి పైగా ఖాళీ చేస్తే, పలకల మీది పదార్థం రాలి అడుగున పేరుకుంటుంది. వంద గజాల పరుగువాడిని భద్రాచలం దాకా కావడి మోయమన్నట్టు.

పడవకు కావలసింది కావడి మోసేవాడే. పలకలు మందంగా ఉండి, గంటల తరబడి మెల్లగా ఇచ్చే రకం. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు గాని, బండి బ్యాటరీ మాత్రం ఓడకు రాదు. ఒక్క బండికి మినహాయింపు ఉన్నది. దాని సంగతి కింద చెపుతాను.

ఎంత బ్యాటరీ కావాలి?

ఇది వంటకు బియ్యం కొలిచినంత సులువైన లెక్క. ఈ మోటార్ల బలాన్ని పౌన్లలో చెపుతారు. 12 వోల్టుల మోటారయితే, పూర్తి వేగంలో ఒక పౌను తోపుకు సుమారు ఒక ఆంపియరు ఖర్చు అనుకోవచ్చు. బావగారిది 30 పౌన్ల మోటారు. అంటే 30 ఆంపియర్లు. బ్యాటరీ నిల్వను ఆంపియర్-అవర్లలో చెపుతారు. 30 ఆంపియర్లు గంటసేపు వాడితే 30 ఆంపియర్-అవర్లు ఖర్చు.

ఆయన పాయ దాటడానికి పది నిమిషాలు పడుతుంది. గెలలతో, ఎదురుగాలితో వస్తే పదిహేను. పదిహేనే లెక్క వేసుకుందాం. ఒక దాటుకు ఏడున్నర. రోజుకు రెండు రాకపోకలు, అంటే నాలుగు దాట్లు. మొత్తం 30 ఆంపియర్-అవర్లు.

అలాగని 30 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కొంటే మునిగామన్నమాటే. రెండు కారణాలు. ఒకటి, సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. ఎంత లోతుకు తోడితే ఆయుష్షు అంత తరుగుతుంది. పైగా మిగిలిన సగమే మనకు నదిలో ధైర్యం. రెండు, బ్యాటరీ మీద రాసిన అంకె సాధారణంగా ఇరవై గంటలపాటు మెల్లగా వాడితే వచ్చేది. 100 అని రాసి ఉంటే, అయిదు ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు అని అర్థం. అదే బ్యాటరీని 30 ఆంపియర్ల చొప్పున తోడితే 100 రాదు, మూడో వంతు దాకా తరుగు పోవచ్చు. ఈ తరుగుకు 1897లో పాయికర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు సూత్రం కట్టాడు. మన ఇళ్ళలో తెలియనిది కాదు. నెల జీతం మెల్లగా ఖర్చుపెడితే ముప్పై రోజులు వస్తుంది, పండగనాడు పెడితే పదిరోజులకే అయిపోతుంది. కాకపోతే బ్యాటరీ కాసేపు విశ్రాంతినిస్తే కొంత తేరుకుంటుంది, జీతం తేరుకోదు.

ఈ రెండూ కలిపి చూస్తే 30 ఖర్చుకు 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సరి. ఖర్చుకు మూడింతలు నిల్వ అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఖర్చు తగ్గించే మార్గం కూడా పిడిలోనే ఉన్నది. నీళ్ళను చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపయితే సుమారు ఎనిమిది రెట్లవుతుంది. నిలకడ నీటిలో కొద్దిగా వేగం తగ్గించుకుంటే బ్యాటరీలో చాలా మిగులుతుంది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే అరటిగెల అలగదు.

చవక ఏది? పొదుపు ఏది?

ఇప్పుడు ఆ మినహాయింపు బండి సంగతి. మన ఊళ్ళలో తిరుగుతున్న బ్యాటరీ ఆటోలను చూశారు కదా! సీసపు బ్యాటరీలతో నడిచేవాటిలో సాధారణంగా 12 వోల్టులవి నాలుగు వరుసగా ఉంటాయి. ఆ బండిని నడిపేది బ్యాటరీయే గనుక, వాటిని కావడి మోసే రకంగానే చేస్తారు. అలాంటి కొత్త బ్యాటరీ ఒక్కటి తెచ్చుకుంటే చిన్న పడవకు చక్కగా సరిపోతుంది. ఊళ్ళోనే దొరుకుతుంది, బాగుచేసేవాడూ ఊళ్ళోనే ఉంటాడు.

రెండోది మన ఇళ్ళలోని ఇన్వర్టరు బ్యాటరీ, ట్యూబులర్ రకం. లోతుగా తోడినా తట్టుకుంటుంది, ఆయుష్షు ఎక్కువ. కాని పొడుగు, బరువు. 150 ఆంపియర్-అవర్లది యాభై కిలోలు దాటుతుంది. ఇరుకు పడవలో అంత బరువు ఎత్తుగా ఉండటం మంచిది కాదు. వెడల్పయిన పడవకైతే ఫరవాలేదు.

మూడోది మూత బిగించేసిన రకం. ఒలకదు, నీళ్ళు పోయనక్కరలేదు. పడవకు సుఖమే. కాని ఎక్కువ చార్జి చేస్తే లోపల ఆరిపోతుంది. ఆరిన దానికి నీళ్ళు పోసే దారి లేదు.

ఏది కొన్నా వెల చూసి కొనవద్దు, దాటు చూసి కొనండి. లెక్క కోసం అనుకుందాం. ఎనిమిది వేల బ్యాటరీ రెండు వందల రోజులు వచ్చిందంటే రోజుకు నలభై రూపాయలు. పదిహేను వేలది ఎనిమిది వందల రోజులు వచ్చిందంటే రోజుకు పంతొమ్మిది రూపాయల లోపే. చవక ఏదో ఇల్లాలిని అడిగితే చెపుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. తయారైన నెల, సంవత్సరం దాని మీద ముద్రించి ఉంటాయి, అర్థం కాకపోతే దుకాణదారును చదివి చెప్పమనండి. కొట్లో ఆరు నెలలు చార్జి లేకుండా కూర్చున్నది వద్దు, వాడకపోయినా దానంతట అది తరుగుతుంది. వోల్టుమీటరు పెట్టించండి. నిండు బ్యాటరీ తీరికగా ఉన్నప్పుడు 12.6 వోల్టులకు తక్కువ చూపరాదు. ఒకే అంకె రాసిన రెండింటిలో తేలికగా ఉన్నదానిని అనుమానించండి. సీసం తగ్గితేనే బరువు తగ్గుతుంది. గ్యారంటీ కార్డులో మొదటి ఎన్ని నెలలు పూర్తిగా మారుస్తారు, తరువాత ఎంత కోత పెడతారు, పడవకు వాడితే ఒప్పుకుంటారా అన్నది అక్కడే అడగండి. ఇంటికి వచ్చి అడిగితే గోడ జవాబు చెపుతుంది.

పాతది కొనక తప్పకపోతే పరీక్ష పెట్టండి. నిండా చార్జి చేసి, 12 వోల్టుల 60 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించండి. అది అయిదు ఆంపియర్లు తాగుతుంది. 100 ఆంపియర్-అవర్లన్నది నిజమైతే పది గంటలు వెలిగిన తరువాత కూడా సగం మిగలాలి. బల్బు తీసి, ఒక గంట ఆగి చూస్తే మీటరు 12.2 వోల్టుల దాపున ఉండాలి. మధ్యాహ్నానికే బల్బు ఎర్రబడితే నమస్కారం పెట్టి తిరిగి ఇచ్చేయండి.

పడవలో ఎక్కడ, ఎలా?

బ్యాటరీ పడవ అడుగున, మధ్యకు దగ్గరగా ఉండాలి. మోటారు వెనక, మనిషి వెనక, బ్యాటరీ కూడా వెనకే అయితే ముక్కు పైకి లేస్తుంది. ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, కదలకుండా పట్టీతో కట్టాలి. పెట్టెకు గాలి ఆడే కంతలుండాలి. అడుగున నిలిచే నీళ్ళు దాన్ని తాకకుండా కింద చెక్క వేయాలి. సముద్రానికి దగ్గర ఊళ్ళవారు, అంతర్వేది వైపువారు, మరీ జాగ్రత్తపడాలి. ఉప్పునీరు బ్యాటరీ ఆసిడులో కలిస్తే క్లోరిను వాయువు పుడుతుంది. జలాంతర్గాములలో నావికులు భయపడిన ప్రమాదమిది.

వైరు దగ్గర పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి మోటారుకు మూడు మీటర్ల దూరమనుకుంటే, రానూపోనూ ఆరు మీటర్ల వైరు. ఇళ్ళలో వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర ఒకటింబావు వోల్టు దారిలోనే వేడిగా పోతుంది. అంటే పన్నెండింటిలో పదో వంతు. పది చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది వోల్టులో మూడో వంతు కూడా ఉండదు. బ్యాటరీకి దగ్గరలోనే మోటారుకు తగిన ఫ్యూజు ఉండి తీరాలి. పంకాకు గుర్రపుడెక్క చుట్టుకుంటే మోటారు కాలకుండా కాపాడేది అదే.

ఏరు దాటిన తరువాత

అసలు సంగతికి వచ్చాం. సీసపు బ్యాటరీ వాడకం వల్ల చావడం కంటె, ఖాళీగా పడి ఉండటం వల్ల చావడం ఎక్కువ. కరెంటు ఖర్చవుతున్నప్పుడు పలకల మీద సీసపు గంధకిత లవణం మెత్తగా ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగి మళ్ళీ సీసము, ఆసిడు అవుతుంది. రోజులకు రోజులు వదిలేస్తే గట్టిపడి, అడుగంటిన పాలగిన్నెలా గీకినా రాదు. అంత మేర పలక పనికిరానట్టే. అందుచేత మొదటి సూత్రం: ఏనాడు తోడినది ఆనాడే నింపాలి. నాలుగు దాట్లయినా, ఒక్క దాటయినా సరే, ఆ రాత్రే.

ఎలా నింపాలి? నెమ్మదిగా. నిల్వలో పదో వంతు ఆంపియర్లు చాలు. అంటే 100కు పది. కొందరు దుకాణాలవారు రెండు గంటల్లో నింపి ఇస్తామంటారు. అది ఆకలిగొన్నవాడి నోట్లో అన్నం కుక్కడం వంటిది. పలకలు వేడెక్కి వంగుతాయి. 14.4 వోల్టుల దాకా తీసుకుపోయి, నిండిన తరువాత తనంతట తాను 13.6 దాపుకు తగ్గే చార్జరు దొరుకుతుంది, కొనుక్కోవడం మంచిది. లంకలోనే మకాం ఉన్నవారు వంద వాట్ల సౌరఫలకం పెట్టుకున్నా, మంచి ఎండలో గంటకు అయిదు ఆంపియర్-అవర్ల దాకా వస్తాయి. మధ్యలో కంట్రోలరు మాత్రం ఉండాలి.

చార్జి చేసే చోటు గాలి ఆడేదిగా ఉండాలి. చివరి దశలో బ్యాటరీలోంచి హైడ్రోజను వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దేవుడి గదిలో, వంటింట్లో పెట్టకండి. దగ్గర బీడీ, అగరువత్తి పనికిరావు. పని చేసేటప్పుడు చేతి ఉంగరం, గాజులు, గొలుసు తీసేయాలి. రెండు టెర్మినళ్ళకూ లోహం అడ్డం పడితే క్షణంలో కాలుతుంది. ఆసిడు కంట్లో పడితే పావుగంటసేపు ధారాళంగా మంచినీళ్ళతో కడిగి వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి.

రెండో సూత్రం నీళ్ళు. చార్జి అయిన తరువాత మూతలు తీసి, గుర్తుదాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ముందే పోస్తే చార్జి వేళ పొంగి ఆసిడు ఒలుకుతుంది. పలకలు బయటికి కనిపిస్తుంటే మాత్రం ముందు అవి మునిగేదాకా పోసి, అప్పుడు చార్జి చేయాలి. బావినీరు, కుళాయినీరు, సీసాల్లో అమ్మే తాగేనీరు ఏవీ పనికిరావు. వాటిలోని లవణాలు మనకు రుచి, పలకలకు విషం. ఇంకొకటి, ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఆసిడు కాదు. బలం కోసమని ఆసిడు పోయించడం రోగికి విషం పోయడమే.

మూడోది కొలత. పాలమనిషి పాలను చూడటానికి లాక్టోమీటరు పెడతాం కదా! దానికి వేలువిడిచిన మేనమామ హైడ్రోమీటరు. పిచికారీలా పైన రబ్బరు బుడ్డి ఉంటుంది. ప్రతి గదిలోంచీ కొద్దిగా పీల్చి చూస్తే, నిండిన బ్యాటరీలో రకాన్ని బట్టి 1.240 నుంచి 1.280 వరకు చూపుతుంది. 1.120 దాపుకు వచ్చిందంటే ఖాళీ. ఆరు గదులూ ఇంచుమించు ఒకటే చూపాలి. అయిదు బాగుండి ఒకటి బాగా దిగజారితే ఆ గది చెడిందన్నమాట. అటువంటి బ్యాటరీతో పాయలోకి దిగవద్దు. అది నట్టేట ముంచే రకం, ఆ మాట పుట్టిందే అలాంటివారి కోసం.

నాలుగోది శుభ్రత. టెర్మినళ్ళ మీద తెల్లగా, ఆకుపచ్చగా బూజులా పట్టినదానిని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, తుడిచి, బిగించి, పైన వేజలైను రాయాలి. కడిగేటప్పుడు మూతలు బిగించి ఉండాలి. సోడా లోపల పడరాదు.

ఒక భయం మాత్రం అక్కరలేదు. బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే కరెంటును నేల పీల్చేస్తుందని ఇప్పటికీ ఇళ్ళలో అనుకుంటారు. ఇప్పటి ప్లాస్టిక్ తొట్టె బ్యాటరీలకు గచ్చూ, పీటా ఒకటే.

వరద రోజుల్లో

ఈ మోటార్లు చిన్న పడవను గంటకు అయిదారు కిలోమీటర్ల వేగంతో నడుపుతాయి. వరదలో గోదావరి వడి అంతకు మించుతుంది. ఎంత మంచి బ్యాటరీ అయినా అప్పుడు చేతులెత్తేయవలసిందే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. 2022 జూలై వరదలో మూడోది కూడా దాటి, పాతిక లక్షల క్యూసెక్కులకు మించిన నీరు కిందికి వచ్చింది. లంకలు మునిగాయి. ఆ రోజుల్లో లంకలవారిని చేర్చేది అధికారులు ఏర్పాటు చేసే పెద్ద ఇంజను పడవలే. మొదటి హెచ్చరిక మాట వినగానే మన మోటారు విప్పి, బ్యాటరీ ఇంటికి చేర్చాలి. నిండా చార్జి చేసి, వైర్లు విప్పి, నెలకోసారి మళ్ళీ నింపుతూ ఉంటే వర్షాకాలం దాటి చెక్కుచెదరకుండా వస్తుంది. మామూలు రోజుల్లోనూ పడవలో గెడ గాని తెడ్డు గాని ఉండాలి, ఎక్కిన ప్రతివారికీ లైఫ్ జాకెట్టు ఉండాలి. బ్యాటరీ ఎంత మంచిదైనా గెడకు బదులు కాదు.

లిథియం మాట

ఇప్పుడు లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. పడవకు మంచిదంటున్న రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వంద ఆంపియర్-అవర్లది పదీ పదమూడు కిలోలకు మించదు. సీసపుది పాతికా ముప్పై. నిల్వలో నూటికి ఎనభై వాడుకోవచ్చు, రెండువేల సార్లకు పైగా నింపుకోవచ్చు, నీళ్ళ బెడద లేదు. వెల మొదట బాగా ఎక్కువ. రోజూ, ఏడాది పొడుగునా వాడేవారికి చివరికి అదే పొదుపు కావచ్చు. వారానికోసారి లంకకు పోయేవారికి సీసమే చాలు. దానికి తగిన చార్జరు వేరే కొనాలి.

ఒక్క హెచ్చరిక. సీసపు బ్యాటరీ అయిపోతున్నప్పుడు పంకా మెల్లబడి చెపుతుంది. లిథియం బ్యాటరీలో కాపలాకు పెట్టిన ఎలక్ట్రానిక్ పలక, హద్దు రాగానే ఒక్కసారిగా కట్ చేస్తుంది. అందాకా చురుగ్గా నడిచి, నది మధ్యన మాట చెప్పకుండా ఆగిపోతుంది. కాబట్టి ఎంత మిగిలిందో చూపే మీటరు లేకుండా దాన్ని నమ్మవద్దు.

ముసలి బ్యాటరీ

ఎంత చేసినా ఒకనాటికి బ్యాటరీ ముసలిదవుతుంది. దాన్ని పెరట్లో పడేయవద్దు. పగలగొట్టి సీసం కరిగించేవారికి ఇవ్వనే వద్దు. సీసపు పొగ, ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తాయి, ఆసిడు నేలనూ బావినీ పాడుచేస్తుంది. పాత బ్యాటరీలు తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2022లో వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. కొత్తది కొన్న చోట పాతది ఇస్తే వెలలో తగ్గింపు కూడా ఇస్తారు. సీసం చచ్చినా వెయ్యే అన్నమాట.

పడవ లేనివారికి ఈ వ్యాసం దండగ కాదు. మెట్ల కింద ఇన్వర్టరు బ్యాటరీ లేని ఇల్లు ఇప్పుడు మా వీధిలో తక్కువ. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమ చీకట్లో గడిపిన రోజులు గుర్తున్నవారికి దాని విలువ తెలుసు. అదీ ఈ మల్లయ్యకు తోబుట్టువే. ఖాళీగా ఉంచకూడదు, ఎండనీయకూడదు, చెత్త నీళ్ళు పోయకూడదు. కరెంటు పోయినప్పుడు తలుచుకుని, వచ్చాక మరిచిపోతే, అసలు పరీక్షలనాటి రాత్రే అది మొండికేస్తుంది.

బావగారు రెండోసారి బ్యాటరీ ఆటోల రకం కొన్నారు. దాని పెత్తనం ఇప్పుడు అక్కయ్యది. వంటింటి గోడ మీద క్యాలెండరులో పాల లెక్క పక్కనే ఆవిడ ఎర్ర పెన్సిలుతో చార్జి చేసిన రోజులు, నీళ్ళు పోసిన రోజులు గుర్తు పెడుతుంది. గుర్తు లేని మరునాడు బావగారికి రేవుకు పోవడానికి అనుమతి లేదు. "ఇంత చిన్న మోటారుకు ఇన్ని నియమాలా?" అని ఆయన గొణుగుతూనే ఉంటారు. కాని మొన్న దీపావళికి ఆ బ్యాటరీకి రెండేళ్ళు నిండాయి. ఈమధ్య నేను హైడ్రోమీటరు పెట్టి చూస్తే ఆరు గదులూ ఒకే మాట చెప్పాయి.

"ఇంకా ఎన్నాళ్ళు వస్తుందోయ్?" అని అడిగారు బావగారు.

నేను జవాబు చెప్పేలోగా అక్కయ్య క్యాలెండరు వైపు చెయ్యి చూపింది.